పత్తి గదిలో రాయబారి

ఆయన్ని నేను మొదటిసారి చూసింది ఒక ఫోన్లో. మా స్కూలు స్టాఫ్ రూములో, మధ్యాహ్నం క్యారేజీలు కడిగి పెట్టుకున్నాక. దర్శిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను డ్రాయింగ్ టీచర్ని. చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్ నడిపే ఒకాయన, హాస్టల్లో ఉన్న కూతుర్ని చూడటానికి వచ్చి, వరండా గోడ మీద పిల్లలతో కలిసి నేను వేసిన పత్తి తీసే ఆడవాళ్ళ బొమ్మ ముందు ఆగాడట. ఎవరు వేశారని అడుగుతూ నా దగ్గరికి వచ్చాడు.

“ఆ బొమ్మ మీరేనా మేడం వేసింది?”

“నేనేనండి. పిల్లలూ నేనూ.”

“అయితే ఇది వేసిపెట్టగలరా?” అంటూ ఫోను నా చేతిలో పెట్టాడు.

తెర మీద యాభై దాటిన ఒక మనిషి. మెడ నుంచి కాళ్ళ దాకా నల్ల బట్టలు, వెనక ఇంచుమించు నల్లగానే ఉన్న గోడ. ఆ చీకట్లోంచి తెల్లటి కుచ్చుల పట్టీ ఒకటి మెడ చుట్టూ పళ్ళెంలాగా విచ్చుకుని, దాని మీద ముఖాన్ని నిలబెట్టినట్టుంది. సన్నటి గడ్డం. ఛాతీ మీద చిన్న ఎర్ర గుర్తు. కళ్ళు తిన్నగా నన్నే చూస్తున్నాయి. కోపం లేదు, నవ్వు లేదు. ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా వినడానికి సిద్ధంగా ఉన్న మనిషి చూపు అది. నాకు తెలియకుండానే పైట సర్దుకుని నిటారుగా కూర్చున్నాను.

ఆ గ్రానైటు ఆయన చెప్పిన సంగతి ఇది. రాయి కొనేవాళ్ళు పిలిస్తే స్పెయిన్ వెళ్ళాడు. పనులు అయిపోయాయి, మధ్యలో ఒక ఆదివారం ఖాళీ వచ్చింది. “నిజం చెప్పాలంటే వాన పడుతుంటే ఆ మ్యూజియంలోకి దూరానండీ. బొమ్మల గురించి నాకేం తెలుసు? హాళ్ళన్నీ తిరిగి తిరిగి ఈయన ముందుకొచ్చి ఆగిపోయా. ఎదురుగా బల్ల ఉంటే కూర్చున్నా. ఇక లేవబుద్ధి కాలేదు. పెద్ద పెద్ద ఆఫీసర్ల ముందు నిలబడ్డప్పుడు కూడా నాకు అట్లా అనిపించలేదండి. భయం కాదు. ఏమంటారో దాన్ని, నాకు మాట రావట్లా.”

ఆ హాల్లో ఉన్న అమ్మాయి ఇంగ్లీషులో చెప్పిందట, ఈయన స్పెయిన్ రాయబారి అని. వాళ్ళ రాజు ఆయన్ని వేరే దేశపు రాజు కొలువుకి పంపితే, అక్కడే ఉన్న చిత్రకారుడు ఒకడు ఈ బొమ్మ వేశాడట. పేరు కూడా చెప్పిందిగానీ గ్రానైటు ఆయనకి నోరు తిరగలేదు. పేరు రాసిన పలక ఫోటో తీయాలన్న ఆలోచన రాలేదు. ఆ తర్వాత నేను ఫోన్లో వెతికితే ఇలాంటి నల్లబట్టల పెద్దమనుషులు వరసకట్టి వచ్చారు, ఈయన మాత్రం రాలేదు.

“కొత్త ఆఫీసు కట్టానండి. హాల్లో ఎదురు గోడ మొత్తం ఈయనకే వదిలేశా. అక్కడ ఎంత సైజులో ఉన్నాడో అంతే ఉండాలి,” అని తన తల కంటే జానెడు ఎత్తున చెయ్యి పెట్టి చూపించాడు.

జాతీయ పండగలకి నాయకుల బొమ్మలు, సైన్సు ఫేర్‌కి గుండెకాయలు, వార్షికోత్సవానికి తెరలు. నా పని అంతవరకే. ఆయిల్ రంగులు ఎప్పుడో గుంటూరులో ట్రైనింగ్ అప్పుడు ముట్టుకున్నవి. చేయలేనని చెప్పాల్సింది. కానీ నోట్లోంచి “ప్రయత్నిస్తానండి” అనే మాట వచ్చింది. ఇంటికెళ్ళే ఆటోలో, ఆయన నా ఫోనుకి పంపిన ఆ ఫోటో తీసి తీసి చూసుకుంటూనే ఉన్నాను.

మా ఊరు దర్శికి దగ్గరే. మా ఆయనకి దర్శిలో పురుగుమందుల కొట్టు ఉంది. వ్యవసాయం మామయ్య చూస్తారు. మిరప, పత్తి, కొంచెం పొగాకు. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉంటారు కాబట్టి ఇంట్లో మేం నలుగురమే. అంత పెద్ద గుడ్డ నిలబెట్టడానికి మా ఇంట్లో చోటు ఒక్కటే ఉంది, పత్తి గది. ఆ ఏడు రేటు పడిపోయిందని పత్తి అమ్మకుండా ఆపారు. గదిలో సగం, దూలాల దాకా తెల్లటి గుట్ట. మిగతా సగంలో వడ్రంగి చేసిచ్చిన చట్రానికి గుడ్డ బిగించి నిలబెట్టాను.

అత్తయ్యకి ఇది బొత్తిగా నచ్చలేదు. “పత్తి పక్కన ఆ కిరసనాయిలు కంపేందే? నిప్పురవ్వ పడిందంటే ఇల్లూ, పంటా, నీ దొరా కలిసి పోతారు,” అంది. ఆ మాట నిజమే. రంగు పలచన చేసే టర్పెంటైన్ సీసా పెరట్లో పెట్టాను, కుంచెలు అక్కడే కడిగేదాన్ని. లోపల దీపం కాదు కదా, అగరుబత్తి కూడా వెలిగించలేదు. పగటి వెలుతురు ఉన్నంతసేపే పని.

బొగ్గుతో గీత గీసి ముఖం, భుజాలు నిలబెట్టేదాకా బాగానే నడిచింది. చేతుల దగ్గర ఆగిపోయింది. మ్యూజియంలో లైటు బొమ్మ కింది సగం మీద పడి ఫోటోలో మెరుపు కొట్టింది. ఒక చెయ్యి బల్ల అంచు మీద ఉన్నట్టుంది, రెండోది నడుము దగ్గర ఏదో పట్టుకున్నట్టుంది. అంతే తెలుస్తోంది. ఆ మెరుపు కింద వేళ్ళెలా ఉన్నాయో, బట్ట మడతలు ఎటు పడ్డాయో ఏమీ కనిపించదు. మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి చూశాను. కూర్చోగానే ఫోను మోగింది. మాట్లాడుతూ లేచి బయటికి వెళ్ళిన మనిషి అటునుంచి అటే కొట్టుకి వెళ్ళిపోయాడు.

మామయ్య ఆ గదిలోకి వచ్చింది పత్తి కోసం. గుట్ట లోపల వేడి పుడుతోందేమోనని మోచేతి దాకా చెయ్యి దూర్చి చూడటం ఆయనకి రోజూ అలవాటు. ఆ రోజు చెయ్యి గుట్టలోనే ఉంచి, తల తిప్పి బొమ్మ వైపు చూశారు. చూస్తూనే ఉండిపోయారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. పెళ్ళై ఇరవై ఏళ్ళు దాటినా నేను మామయ్య ముఖం సరిగ్గా చూసింది లేదు. ఆయన హాల్లోకి వస్తే నేను లేచి వంటింట్లోకి వెళ్తాను. నేను పక్కనే ఉన్నా ఆయన మంచినీళ్ళు అత్తయ్యని అడుగుతారు. ఆయన నాకు చెప్పాల్సింది అత్తయ్యకి చెబుతారు, నేను చెప్పాల్సింది కూడా అలాగే వెళ్తుంది. కోపతాపాలేమీ లేవు, మా వైపు ఇళ్ళలో మర్యాద అంటే అదే. ఆయన చెప్పులు, పంచె అంచు, చేతికర్ర, దగ్గు. నాకు తెలిసిన మామయ్య ఇంతే.

“ఎవరమ్మా ఈయన?” అన్నారు.

గదిలో మేమిద్దరమే ఉన్నాం. అయినా నేను వెనక్కి తిరిగి అత్తయ్య వచ్చిందేమోనని చూశాను.

“స్పెయిన్ దేశపు రాయబారంట మామయ్యా. పూర్వకాలం మనిషి. వేరే రాజు దగ్గర పనిచేశాడంట.”

“చేతులు పెట్టలేదే?”

ఫోటో చూపించి, సంగతి చెప్పాను. కూర్చోబెట్టినవాళ్ళు కుదురుగా కూర్చోవడం లేదని కూడా చెప్పాను. ఆయన పత్తిలోంచి చెయ్యి తీసి, అంటుకున్న దూదిపింజల్ని నెమ్మదిగా దులుపుకున్నారు.

“నేను కూర్చుంటే పనికొచ్చుద్దా?”

నేను తల ఊపాను.

అత్తయ్య ముందు నవ్వింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత మా అందరికంటే ఎక్కువ హడావిడి చేసింది. మెడ చుట్టూ కుచ్చుల పట్టీ కావాలంటే పాత పంచె ఒకటి చింపి, గంజి చిక్కగా కాచి, అందులో ముంచి, తడి ఆరకముందే చీపురుపుల్లల మధ్య మడతలు మడతలుగా పెట్టి ఎండలో ఆరేసింది. ఆరాక అది అప్పడంలాగా టకటకమంది. నల్ల అంగీకి గుడ్డ మా స్కూల్లో సైన్సు మేడం ఇచ్చింది. వాళ్ళమ్మగారు బుర్ఖాలు కుడతారు. ఎందుకో చెబితే ఆవిడ గుడ్డ తానులు విప్పి, కాంతి తగిలితే మెరిసే రకం, మెరవని రకం రెండూ కోసి పంపించారు. “అంత పెద్దమనిషి బట్టల్లో రెండు నలుపులన్నా ఉండవా,” అన్నారట.

ఆదివారం ఉదయం మామయ్య ఆ బట్టలు కప్పుకుని, మెడకి పట్టీ కట్టించుకుని, పత్తి గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నవ్వొస్తుందేమోనని నేను భయపడ్డాను. అత్తయ్య అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ ఆయన ఒక చెయ్యి బల్ల మీద ఆనించి, రెండోది నడుము దగ్గర పెట్టుకుని, వీపు కుర్చీకి ఆనకుండా నిటారుగా కూర్చునేసరికి మా ఇద్దరికీ నవ్వు ఎటుపోయిందో తెలియదు.

అప్పుడే కిటికీలోంచి ఎండ వచ్చి పత్తి గుట్ట మీద పడింది. తిన్నగా ఆయన మీద పడలేదు. పత్తి మీద పడి, అక్కడినుంచి మెత్తబడి, పాలమీగడలాంటి వెలుగై ఆయన ముఖం మీదికి చేరింది. ఫోటోలో నేను అన్నాళ్ళుగా చూస్తూ అర్థం చేసుకోలేకపోయిన వెలుగు అదే. నీడ ఎక్కడ మొదలైందో, వెలుగు ఎక్కడ ఆగిందో గీత గీసి చెప్పలేని వెలుగు. ఆ దేశంలో ఆ చిత్రకారుడు ఏ గదిలో, ఏ కిటికీ పక్కన కూర్చోబెట్టాడోగానీ, ఆ వెలుగు మా పత్తి గదిలోకి వచ్చి కూర్చుంది. నేను ఆ రోజంతా పెద్దగా ఏమీ వేయలేదు. చూస్తూ కూర్చున్నాను.

బొమ్మ వేయాలంటే చూడాలి కదా. నేను మామయ్యని చూడటం అప్పుడు మొదలుపెట్టాను. ఎడమ కనుబొమ్మలో చిన్న గాటు ఉందని తెలిసింది. కళ్ళు నేననుకున్నట్టు నల్లవి కావు, తేనెరంగువి. మా ఆయన గడ్డం, మా పెద్దవాడి చెవులు ఎక్కడినుంచి వచ్చాయో తెలిసింది. ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద ఉంటూ, ఇంత మనిషిని చూడకుండా ఎలా తిరిగానా అని నాకే ఆశ్చర్యం వేసింది. మొదట్లో చూపు కలిసినప్పుడల్లా నేను తల దించేసేదాన్ని. ఆయన మాత్రం కిటికీ వైపే చూస్తూ, నాకు ఇబ్బంది లేకుండా ఉండేవారు.

స్కూలు లేని రోజుల్లో, సాయంత్రం ఎండ వాలకముందు కాసేపు, అలా కూర్చునేవాళ్ళం. బయట కళ్ళంలో మిరపకాయలు ఆరేసి ఉండేవి. గాలి ఇటు తిరిగితే ఇద్దరికీ ఒకేసారి దగ్గు వచ్చేది. ఆయన దగ్గి, మళ్ళీ చేతులు ఉన్నచోటే పెట్టుకునేవారు. కొంచెం కూడా జరిగేవి కావు. మెల్లగా మాటలు కలిశాయి.

“ఈయనకి అక్కడ పనేందమ్మా?”

“వాళ్ళ రాజు మాట ఈ రాజుకి చెప్పాలి మామయ్యా. ఈ రాజు ఏమనుకుంటున్నాడో కనిపెట్టి వాళ్ళ రాజుకి తెలియజేయాలి. మధ్యలో తనకి ఏమనిపించినా బయటపడకూడదు.”

“ఇల్లూ వాకిలీ?”

“ఏళ్ళ తరబడి అక్కడే ఉండేవాళ్ళంట. పరాయి మాట, పరాయి తిండి. ఈయన ఎట్లా కూర్చున్నాడు, ఎట్లా తిన్నాడు అని అందరి కళ్ళూ ఈయన మీదే. పొరపాటు చేస్తే వాళ్ళ దేశానికే మాటొస్తుంది.”

ఆయన చూపు కిటికీ బయట కళ్ళం మీదికి పోయింది. తర్వాత, “మా ఇంటికొచ్చిన కొత్తల్లో నువ్వూ ఇట్టానే ఉండేదానివమ్మా,” అన్నారు.

నేను బొమ్మ వెనక్కి తప్పుకుని, రంగు కలుపుతున్నట్టు కాసేపు నిలబడ్డాను. నేను ఆయన్ని చూడలేదు సరే, ఆయన నన్ను చూశారని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ ధైర్యంతోనే, మరో రోజు, ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న మాట అడిగాను. మా పుట్టిల్లు పిడుగురాళ్ల. మా నాన్నకి సున్నం బట్టీ ఉండేది. మా గోడలు ఎప్పుడూ కొత్త సున్నంతో తెల్లగా ఉండేవి కాబట్టి చిన్నప్పటినుంచీ నాకు అవే కాగితాలు. డ్రాయింగ్ లోయర్ పరీక్ష పాసయ్యాను, హయ్యర్ రాసి ట్రైనింగ్‌కి గుంటూరు వెళ్ళాలని ఉండేది. ఇంతలో ఈ సంబంధం కుదిరింది. ఇక చదువు మాట ఎత్తొద్దన్నాడు నాన్న. నిశ్చితార్థం అయిన కొన్నాళ్ళకి మామయ్య ఒక్కరే బస్సులు మారి మా ఇంటికి వచ్చారు. నాన్నా ఆయనా బట్టీ దగ్గర కూర్చుని మాట్లాడుకున్నారు. పెళ్ళి తప్పిపోయిందనుకుని అమ్మ వంటింట్లో ఏడ్చింది. ఆయన వెళ్ళిపోయాక నాన్న లోపలికి వచ్చి, “గుంటూరు వెళ్ళి ఆ ట్రైనింగేదో పూర్తిచెయ్. పెళ్ళి ఆ తర్వాతే,” అన్నాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పకుండానే పోయాడు.

“ఆ రోజు మా నాన్నతో ఏం మాట్లాడారు మామయ్యా?”

ఆయన చేతులు కదల్లేదు. కళ్ళు మాత్రం కిటికీ నుంచి నా వైపు తిరిగాయి.

“ఇప్పుడెందుకమ్మా అది?”

“ఊరికే. తెలుసుకుందామని.”

“మీ గోడ మీద బొగ్గుతో ఏసిన ఎద్దు ఉండేది, గుర్తుందా? పిల్లని చూడ్డానికొచ్చినప్పుడు అది నా ఎదురుగా ఉంది. బురదలో దిగబడ్డ ఎద్దు. ముందు కాలు పైకి లాక్కునేటప్పుడు దాని మెడ ఎట్టా వంకరపోద్దో అట్టానే ఏశావు. పుట్టినకాడినుంచి ఎద్దుల ఎనకమాల తిరిగినోణ్ణి, నేను దాన్ని అంత ఇదిగా ఎప్పుడూ చూళ్ళా. ఇంటికొచ్చినా అదే కళ్ళ ముందు. ఇట్టాంటి పిల్లని తెచ్చి పొయ్యి కాడ కూర్చోబెడితే తప్పు కదా అనిపించింది. మీ అత్తకి చెప్పలా, మీ ఆయనకీ చెప్పలా. పోయి మీ నాన్నని అడిగా. పెళ్ళి ఆగినా పర్లేదు, పిల్లని చదవనీ బావా అన్నా.”

“నాన్నేమన్నాడు?”

“నలుగురూ ఏమనుకుంటారన్నాడు. ఆ నలుగురికీ నేను చెప్పుకుంటాలే అన్నా. బట్టీ కాడ ఊరికే కూర్చున్నాం కాసేపు. మీ అమ్మ మజ్జిగిచ్చింది. తాగి వచ్చేశా.”

“నాకెప్పుడూ చెప్పలేదేం మామయ్యా?”

“చెప్పేదేముందమ్మా అందులో,” అన్నారు. మళ్ళీ కిటికీ వైపు తిరిగారు.

నాకు కళ్ళల్లో నీళ్ళు నిండి ముందున్నదేమీ కనిపించలేదు. మిరపకాయల ఘాటు అని చెప్పుకోవడానికి వీలుగా ఉంది ఆ గదిలో. నా ఉద్యోగం, నా జీతం, నా పిల్లలు ‘మా అమ్మ డ్రాయింగ్ టీచర్’ అని చెప్పుకునే ఆ మాట, అన్నిటి వెనకా ఒక మనిషి బస్సులు మారి వచ్చి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళూ అత్తయ్య ద్వారా మంచినీళ్ళు అడుగుతూ.

చేతుల దగ్గర నేను ఒక తప్పుడు ఆలోచన చేశాను. కొలువులో ఉండే మనిషి వేళ్ళు సన్నగా, నున్నగా ఉండి ఉంటాయి కదా అని, కూర్చున్న తీరు మాత్రం మామయ్యది తీసుకుని, వేళ్ళు సన్నగా సాగదీసి వేశాను. చూస్తే అవి చేతుల్లా లేవు, చేతితొడుగుల్లా ఉన్నాయి. బల్ల మీద చెయ్యి పెట్టినట్టుందిగానీ బల్లకి ఆ చెయ్యి బరువు తగల్లేదు. గుడ్డ పెట్టి తుడిచేశాను. ఈసారి కళ్ళకి కనిపించింది కనిపించినట్టు వేశాను. పొగాకు జిగురు ఏళ్ళ తరబడి పట్టి నల్లబడిన కణుపులు, మధ్యకి చీలిన బొటనవేలి గోరు, ఎండు కట్టెలో నరాల్లాంటి నరాలు. వేస్తుంటే ఆ చెయ్యి తనంతట తను బల్ల మీద కూర్చుంది. కూర్చుని, పైనున్న ఆ ముఖాన్ని కూడా నిలబెట్టింది.

నలుపు కోసం నల్లరంగు ట్యూబు మూత తీయలేదు. నీలం, ముదురు గోధుమ, ఎరుపు కలిపి కలిపి నలుపు చేశాను. నీడలో ఉన్న నలుపు వేరు, మోకాలి మీద ఎండ తగిలిన నలుపు వేరు, పత్తి వెలుగు సోకిన అంచు నలుపు వేరు. చూసేకొద్దీ ఆ నల్లబట్టలో అన్ని రంగులూ ఉన్నాయి. ముందు నాకు భయమేసింది, తర్వాత భక్తిలాంటిది కలిగింది. ఎప్పుడో, ఎక్కడో, నాకు పేరు కూడా తెలియని ఒక చిత్రకారుడు ఇదే నలుపు ముందు ఇలాగే నిలబడి ఉంటాడు కదా అనిపించింది. చివరగా ఛాతీ మీద ఎర్ర గుర్తు పెట్టాను. అత్తయ్య గుమ్మంలోంచి చూసి, “మన మిరపకాయ రంగే,” అంది.

బొమ్మ పూర్తయిన రోజు ఆవిడ ఒక్కతే గదిలోకి వెళ్ళింది. ఎంతకీ రాకపోతే నేను వెళ్ళి చూశాను. భుజాల చుట్టూ కొంగు నిండా కప్పుకుని, బయటివాళ్ళు వచ్చినప్పుడు నిలబడేటట్టు తలుపు పక్కన ఒదిగి నిలబడి ఉంది.

“ఇట్టాంటాయన ఇంట్లో ఉన్నాడని తెలిస్తే ఇన్నాళ్ళూ అంత గట్టిగా అరిచేదాన్ని కాదే,” అంది, గొంతు తగ్గించి.

గ్రానైటు ఆయన మనుషుల్ని తీసుకుని వచ్చాడు. బొమ్మ ముందు నిలబడి, జేబులోంచి ఫోను తీసి, మళ్ళీ చూడకుండానే జేబులో పెట్టుకున్నాడు.

“చేతులు అక్కడ కూడా ఇట్లానే ఉన్నాయా మేడం?”

“నాకు తెలియదండి. మీ ఫోటోలో లైటు పడింది. ఇవి మా మామయ్యవి.”

“నాకూ గుర్తులేదండి,” అన్నాడు. ఇంకాసేపు చూసి, “ఉండనివ్వండి. తీస్తే పడిపోతాడు ఆయన,” అన్నాడు. దుప్పట్లు చుట్టి, ట్రాలీ ఆటోలో నిలబెట్టి, ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని తీసుకెళ్ళారు. పత్తి కూడా ఆ నెలలోనే అమ్మేశాం.

వానలు మొదలయ్యాక గ్రానైటు ఆయన ఫోను చేశాడు. స్పెయిన్ నుంచి రాయి కొనే ఆయన వస్తున్నాడు, మీరు తప్పకుండా రావాలి, మీ మామగారిని కూడా తీసుకురండి అని. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యారు. చీమకుర్తి దారి పొడవునా లారీలు, రాళ్ళు దించుకుని వచ్చేవి, ఎత్తుకుని పోయేవి. మా ఆటో వాటి మధ్య చీమలా పోయింది. యూనిట్‌లో కోత మిషన్ల హోరుకి కాళ్ళ కింద నేల సన్నగా అదురుతోంది.

హాలు తలుపు తెరవగానే నేను ఆగిపోయాను. ఎదురుగా నల్లగ్రానైటు గోడ. ఆ నలుపులోంచి ఈయన నల్లబట్టలు, వాటిలోంచి ముఖం, చేతులు. పత్తి గదిలో నాకు తెలిసిన మనిషి కాదు. నేను వేసిన ప్రతి గీతా నాకు తెలుసు, అయినా అది నా పని అనిపించలేదు. ఎక్కడినుంచో చాలా దూరం నడిచివచ్చి, ఇక్కడ కూర్చుని, మేం వస్తామని ఎదురుచూస్తున్నట్టు ఉన్నాడు. రాయి కోసే కుర్రాళ్ళు కొందరు, ఉత్తరాది వాళ్ళు, తలకి కట్టుకున్న గుడ్డలు విప్పి చేతిలో పట్టుకుని ఒక పక్కగా నిలబడి ఉన్నారు. రోజూ ఎవరో ఒకరు వచ్చి చూసి వెళ్తుంటారని యజమాని చెప్పాడు. మామయ్య చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చారు.

స్పెయిన్ ఆయన భారీ మనిషి, ముసలాయన. బొమ్మ ముందుకొచ్చి, కళ్ళజోడు మార్చుకుని, చాలాసేపు చూశాడు. మా గ్రానైటు ఆయన ఉత్సాహంగా ఇంగ్లీషులో, మీ దేశపు రాయబారి, మీ మ్యూజియంలో చూశాను అని చెప్పుకుపోతున్నాడు. ముసలాయన తల అడ్డంగా ఊపి ఏదో అన్నాడు. యజమాని నోరు తెరిచి, నా వైపు తిరిగాడు.

“ఈయన ఎప్పుడూ చూడలేదంటండి! ఆ మ్యూజియం ఆయన ఊరికి దగ్గరేనంట, లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదంట. ఇక్కడే మొదటిసారి చూడటమంట.”

ముసలాయన బొమ్మకి ఇంకా దగ్గరగా జరిగి, చేతుల మీదికి వంగాడు. తర్వాత వెనక్కి తిరిగి హాల్లో అందర్నీ ఒక్కసారి కలియజూశాడు. చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డ మామయ్య దగ్గర చూపు ఆగింది. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పలేదు. బొమ్మ వైపు చూశాడు, మళ్ళీ ఈ చేతుల వైపు చూశాడు. గబగబా వచ్చి, కర్రతో సహా మామయ్య చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. మామయ్య కుర్చీలో కూర్చున్నప్పటిలాగే నిటారుగా, ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ నిలబడ్డారు. బయట మిషను ఎవరో ఆపినట్టున్నారు. ఒక దేశం నుంచి వచ్చిన మనిషిని ఇంకో దేశపు మనిషి ఎలా కలుసుకోవాలో ఆ ఇద్దరికీ ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

తర్వాత టీలు వచ్చాయి. మీరేం పని చేస్తారని ముసలాయన యజమాని చేత అడిగించాడు.

“మిరప, పత్తి అని చెప్పు బాబూ,” అన్నారు మామయ్య. “వాళ్ళ దగ్గర మిరప పండుద్దేమో అడుగు.”

పండుతుందట. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ ఎర్ర మిరపకాయలు దారానికి గుచ్చి ఇంటి గోడలకి వేలాడదీసేదట. చేతులతో దండ గుచ్చడం కూడా చేసి చూపించాడు. మామయ్య ముఖం వెలిగిపోయింది. “కారం ఎట్టా ఉంటదంట?”

యజమాని అడిగి, విని, నవ్వాపుకున్నాడు. “ఆ రకం కాయలు అసలు కారం ఉండవంటండి. రంగు కోసం, వాసన కోసం వేస్తారంట. తియ్యగా ఉంటాయంట.”

“తియ్యగానా?”

“తియ్యగానేనంట.”

మామయ్య టీ గ్లాసు కింద పెట్టి ముసలాయన వైపు చాలా జాలిగా చూశారు. అర్థమైనట్టు ఆయన పెద్దగా నవ్వాడు.

మేం ఇల్లు చేరేసరికి జల్లు పట్టుకుంది. అత్తయ్య వరండాలోనే ఎదురొచ్చి, ఎట్టా ఉంది, ఏమన్నారు, గోడ మీద ఎట్టా పెట్టారు అని వరసపెట్టి అడిగింది. మామయ్య తల తుడుచుకుంటూ ఆవిడకి మొదటినుంచీ చివరిదాకా చెప్పింది ఆ కారం లేని మిరపకాయల సంగతే.